వద్దనే పద్ధతి

లాప్‌టాప్ మూతని ఒక్క వేలితో తెరవడంలో మనిషి గొప్పేమీ లేదు, గొప్పంతా ఆ మూతని పట్టుకున్న హింజ్‌ది. మంచి హింజ్ అయితే మూత ఒక్కటే మెత్తగా లేస్తుంది, కిందిభాగం బల్లకి అతికించినట్టు కదలకుండా ఉంటుంది. చవకరకంలో మూతతో పాటు మొత్తం సామానూ లేచి వస్తుంది, రెండో చేత్తో నొక్కిపెట్టాల్సిందే. ఈ తేడా కస్టమర్లకి చూపించి చూపించి, లాప్‌టాప్‌లు అమ్మే ఒకావిడకి 'ఒంటివేలు' అని పేరు పడిపోయింది. షోరూమ్‌లో బిల్లు కొట్టేవాళ్ళూ, గేటు దగ్గర సెక్యూరిటీ అతనూ, చివరికి టీ పోసే ఆయన కూడా ఒంటివేలక్కా అనే పిలుస్తారు. అసలు పేరు జీతం చీటీ మీద ఉంటుంది, దాన్ని ఎవరు చదివారు గనక!

ఆవిడ నిలబడేది ఆ షోరూమ్ మొదటి అంతస్తులో. నిలబడేది అని ఎందుకంటున్నానంటే, కూర్చునే ఏర్పాటు లేదు కాబట్టి. షోరూమ్ ఒకరిది, ఆవిడకి జీతమిచ్చేది మాత్రం ఖరీదైన లాప్‌టాప్‌లు చేసే కంపెనీ. ఆ కంపెనీ పెద్దలకి తమ కౌంటర్ దగ్గర స్టూలు కనబడితే ఒళ్ళు మండుతుంది. నల్ల బల్ల, దాని మీద వెండిరంగు లాప్‌టాప్‌లు, పైనుంచి సన్నటి లైటు, పక్కన నిటారుగా నవ్వుతూ ఒక మనిషి. స్టూలు పెడితే ఆ అందం చెడిపోతుందట. నిలబడే మనిషి కాళ్ళు చెడిపోతే ఫరవాలేదు, అవి బల్ల వెనకాల ఉంటాయి కదా, కనబడవు.

ఆ అంతస్తుకి కిటికీ లేదు. పొద్దున్న లోపలికి వెళ్ళాక బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో కస్టమర్ చొక్కా చూసి తెలుసుకోవాల్సిందే. మాట్లాడే మాటలు కూడా తనవి కావు. ఖరీదు అనకూడదు, పెట్టుబడి అనాలి. బరువు తక్కువ అనకూడదు, చేతిలో ఉన్నట్టే ఉండదు అనాలి. ఎదురు కౌంటర్ సరుకుని చవక అని పొరపాటున కూడా అనకూడదు, 'మొదటి మెట్టు' అనాలి. మెట్టంటే ఎక్కి వదిలేసేదని కస్టమర్‌కి తనంతట తనకే తట్టాలన్నమాట. ఏం బుర్రలండీ బాబూ!

ఆ మొదటి మెట్టు కౌంటర్‌లో ఉండేది ఫ్రీ బాబాయ్. యాభై దాటిన మనిషి, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసినవాడు. బ్యాగు ఫ్రీ, మౌస్ ఫ్రీ, మౌస్ కింద వేసుకునే ముక్క ఫ్రీ అని రోజంతా అరుస్తాడు గనక ఆ పేరు. ఆయన కంపెనీకి అందం పట్టింపు లేదు కాబట్టి ఆయనకో స్టూలుంది. జనం పల్చబడ్డప్పుడు "కాసేపు వచ్చి కూలబడవే అమ్మాయ్" అంటాడు పాపం. ఆవిడ పైన తిరిగే కెమెరా వైపు కళ్ళతో చూపించి ఊరుకుంటుంది.

ఎవరూ లేనప్పుడు మాత్రం ఆ ఇద్దరూ నిజాలు మాట్లాడుకుంటారు.

"మీది చూడ్డానికి పెళ్ళికూతురు అమ్మాయ్. టీ చుక్క పడిందా, మొత్తం మదర్‌బోర్డు మార్చాలి. ర్యామ్ చాలకపోతే ఏడుస్తూ కూర్చోవాలి, అతికించేసి పంపుతారు. మాది ఇటుకరాయే, ఒప్పుకుంటా. కానీ పాడైతే వీధి చివర రిపేరు షాపువాడు విప్పి బాగుచేస్తాడు."

"మీ ఇటుకరాయి రెండేళ్ళకి హింజ్ దగ్గర పళ్ళికిలిస్తుంది బాబాయ్."

"ఇకిలిస్తే రెండు స్క్రూలు."

"మరి స్క్రీనో? వెలుతురులో పెడితే మన మొహమే కనబడుతుంది అందులో."

"చూసుకోండి, అద్దం కూడా ఫ్రీ!"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. మనలో మాట, ఒంటివేలు ఇంట్లో ఉన్నది బాబాయ్ అమ్మిన ఇటుకరాయే. మూత వెనక్కి పడిపోకుండా పప్పుడబ్బా ఒకటి ఆనించి పెట్టి పిల్లాడికి పాఠాలు చూపిస్తుంది. ఏది మంచిదంటే ఏం చెప్తాం? రోజూ బస్సుల్లో తిరుగుతూ పదిమంది ముందు మూత తెరిచేవాడికి ఆ వెండిది వాడినన్నాళ్ళూ హాయి, పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది. ఇంట్లో ఒక మూల పెట్టుకుని వాడుకునేవాడికి అది డాబు. కొనేవాళ్ళని చూడకుండా సరుకు మంచిచెడ్డలు చెప్పేవాళ్ళ మాట నమ్మకూడదని ఆవిడకి బాగా తెలుసు. తెలిసీ రోజూ ఆ పనే చేస్తోంది.

కాళ్ళ సంగతికొద్దాం. పిక్కల్లో నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, సాయంత్రానికి చెప్పుల్లో పాదాలు పట్టకుండా పోయేవి. డాక్టరు చూసి, నిలబడే ఉద్యోగం మానెయ్యమని చెప్పాడు. మానేసి ఏం తినాలో ఆ చీటీ మీద రాయలేదు. భర్త స్కూలు వ్యాను తోలతాడు. సెలవులొస్తే వ్యానుకీ సెలవు, జీతానికీ సెలవు. "ఇంకొన్నాళ్ళు ఓర్చుకోవే" అని ఆయన కాళ్ళు పడుతూ అంటాడు. ఆ మాటకి కోపం తెచ్చుకోవడానికి కూడా ఆవిడకి ఓపిక ఉండేది కాదు.

సరిగ్గా అప్పుడు కంపెనీ ట్రైనింగ్ సెంటర్‌లో మేడం ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. కొత్తగా చేరినవాళ్ళకి ఎలా అమ్మాలో నేర్పే పని. గదికి కిటికీ ఉంది, బల్ల ఉంది, చేతులు ఆనించుకునే మెత్తటి కుర్చీ ఉంది. ఒకసారి మీటింగ్‌కి వెళ్ళినప్పుడు ఎవరూ లేకుండా చూసి ఆవిడ అందులో కూర్చుని కూడా వచ్చింది. అప్పట్నుంచీ ఆ కుర్చీ మీదే ప్రాణం. దొరికితే బయటపడినట్టు, దొరక్కపోతే ఈ కౌంటర్ వెనకాలే కాళ్ళు పోగొట్టుకోవాలి. అంతకు మించి ఆవిడకి వేరే దారేదీ కనబడలేదు.

ఆ ఉద్యోగానికి ఒకటే అడ్డు. అల్లుళ్ళు.

అల్లుళ్ళంటే కంపెనీ పంపే దొంగ కస్టమర్లు. మామూలు మనుషుల్లా వచ్చి, బేరమాడి, మనం కంపెనీ చెప్పిన మాటలే చెప్తున్నామా, ఎదురు కౌంటర్‌కి ఎవరినైనా పంపేస్తున్నామా అని చూసి పైకి రాస్తారు. అన్నీ అడుగుతారు, అన్నిటికీ వంకలు పెడతారు, మంచినీళ్ళు తాగి ఏమీ కొనకుండా పోతారు. అందుకే కౌంటర్లలో వాళ్ళకి ఆ పేరు పెట్టుకున్నారు. ఎవరి మీదైనా అనుమానమొస్తే "అల్లుడికి మంచినీళ్ళు!" అని పక్కవాళ్ళు కేకేస్తారు. ఈసారి వచ్చే అల్లుడి దగ్గర ఒక్క మాట తప్పినా కుర్చీ పోయినట్టేనని, చుట్టుపక్కల కంపెనీ కౌంటర్లన్నీ చూసుకునే ఏరియా సారు ముందే చెప్పేశాడు. అప్పట్నుంచీ ఆవిడకి వచ్చిన ప్రతివాడూ అల్లుడే. పుల్లటి మొహం పెట్టుకుని ఒక ముసలాయన వస్తే, ఆయన బాత్రూమ్ ఎక్కడని అడిగేలోపే హింజ్ గురించి ఉపన్యాసమంతా ఇచ్చేసింది.

ఆ రోజు ఏరియా సారు వచ్చాడు. మెట్ల దగ్గర ఫోను కవర్లు చూస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డాడు. ఆయన దిగిన రోజే అల్లుడూ దిగుతాడని కౌంటర్లందరి నమ్మకం. కాసేపటికి ఒక తల్లీ కూతురూ పైకొచ్చారు. తల్లి చీర కుచ్చిళ్ళకి రంగురంగుల దారప్పోగులు అంటుకుని ఉన్నాయి, చూపుడువేలి కొస గరుకుగా నల్లబడి ఉంది. ఎవరు చూసినా దర్జీ పనిచేసే మనిషని చెప్పేస్తారు. పిల్ల కొత్త బ్యాగుని గుండెకి హత్తుకుని ఉంది.

"అమ్మాయ్, అల్లుడికి మంచినీళ్ళు!" అని అరిచాడు ఫ్రీ బాబాయ్.

ఒంటివేలు వాళ్ళని ఎగాదిగా చూసింది. ఈసారి వేషం బాగా కట్టారే, దారప్పోగులతో సహా, అనుకుంది. నవ్వు మొహాన పులుముకుని ముందుకొచ్చింది.

"మా అమ్మాయికి ఇళ్ళ ప్లాన్లు గీసే చదువులో సీటొచ్చింది తల్లీ. కంప్యూటర్లో బొమ్మలు తిప్పి తిప్పి చూడాలట. ఏది కొంటే మంచిది?" అని అడిగింది తల్లి.

ఆ మాట వినగానే ఆవిడకి లోపల తెలిసిపోయింది. ఆ చదువుకి వేరే గ్రాఫిక్స్ కార్డు ఉండాలి, హోరుమనే పెద్ద ఫ్యాన్లుండాలి, ర్యామ్ పెంచుకునే వీలుండాలి. తన కౌంటర్‌లోని ఆ పల్చటి అందగత్తెలో ఇవేవీ లేవు. బాబాయ్ దగ్గర అడుగు వరసలో ఉన్న ఆ నల్లటి లావుపాటిది ఇందుకే పుట్టింది, పైగా దీని ధరకి అలాంటివి రెండొస్తాయి. అయినా ఇదంతా తనకి పెట్టిన ఉచ్చనుకుంది. నన్ను ఎదురు కౌంటర్‌కి పంపించేలా చెయ్యాలనేగా ఈ ఇళ్ళ ప్లాన్ల కథ, నా దగ్గరా మీ వేషాలు, అనుకుంది.

"మంచి ప్రశ్న అడిగారండీ," అని మొదలుపెట్టింది. ఒక్క వేలితో మూత తెరిచింది. తల్లి చేత కూడా తెరిపించింది. ఆ గరుకు వేలు తగలగానే మూత అలా తేలిపోతే, తల్లి చిన్నపిల్లలా నవ్వింది. లోహపు ఒంటి మీద చెయ్యి వేయించింది, బరువు చేతిలో పెట్టించింది, స్క్రీను మీద ఎర్రగులాబీ తెప్పించి పక్కనుంచి కూడా రంగు చెడకుండా కనబడుతోందని చూపించింది.

"వేడెక్కదు కదమ్మా?"

"ఫ్యాను చప్పుడే వినబడదండీ."

అబద్ధం కాదు. ఫ్యానే లేదు, చప్పుడెక్కణ్ణుంచి వస్తుంది? అల్లుణ్ణి భలే బోల్తా కొట్టించానని లోలోపల పొంగిపోయింది కూడా.

"ఆ ఎదురుగా ఉన్నవి అంత బాగుండవా?"

"అవి మొదటి మెట్టండీ. మీ అమ్మాయి మొదటి మెట్టు ఎప్పుడో దాటేసింది కదా, సీటు తెచ్చుకుంది."

తల్లి కూతురి వంక చూసింది. కూతురు తల దించుకుని ఆ వెండి మూతని నిమురుతోంది. ఇప్పుడు మా ఆయన్ని అడిగి వస్తాం అని వెళ్ళిపోతారు, అల్లుళ్ళందరూ అనేది అదే అని ఒంటివేలు ఎదురుచూసింది.

"సరే, ఇదే ఇవ్వమ్మా," అంది తల్లి.

పెట్టె తీసుకుని వాళ్ళ వెనకాలే బిల్లు కౌంటర్ దాకా నడుస్తుంటే ఆవిడ కాళ్ళలో నొప్పి కూడా తెలియలేదు. అల్లుళ్ళు ఇంతదూరం రారే! అక్కడ తల్లి పర్సు తెరుస్తూ కూతురితో మెల్లగా, "మిషనుకి మోటారు వచ్చే ఏడు పెట్టించుకుందాంలే. ఇన్నాళ్ళూ కాలితో తొక్కలేదా ఏంటి," అంది.

ఆ మాట వేషాలు కట్టేవాళ్ళ నోట్లోంచి రాదు. ఒంటివేలుకి అప్పుడు తెలిసింది. నిజం మనుషులు. ఆ దారప్పోగులు నిజం. తొక్కి తొక్కి ఈ మనిషి కాళ్ళు కూడా తన కాళ్ళలాగే ఉండి ఉంటాయి. ఏరియా సారు నాలుగడుగుల దూరంలోకొచ్చి నిలబడ్డాడు. నోరెత్తితే కుర్చీ పోతుంది. ఎత్తకపోతే ఈ పిల్ల చదువు మొదటి ఏడాదిలోనే మొరాయిస్తుంది. ఏం చెయ్యాలో తేల్చుకోకముందే నోట్లోంచి ఊడిపడింది మాట.

"వద్దమ్మా! ఇది తీసుకోకండి."

తల్లి చెయ్యి పర్సులోనే ఆగిపోయింది.

"ఈ చదువుకి ఇది పనికిరాదమ్మా. వేడెక్కి నత్తలా నడుస్తుంది. ఆ బాబాయ్ దగ్గర ఆ లావుపాటిది తీసుకోండి, చూడ్డానికి బాగుండదు గానీ అదే సరైనది. డబ్బూ మిగులుతుంది, మీ మిషనుకి మోటారూ వస్తుంది."

తల్లి మొహం ఎర్రబడింది. "ఇందాకట్నుంచీ ఇదే గొప్పదని నువ్వే కదమ్మా చెప్పావు? ఇప్పుడు మోటారు మాట చెవినబడేసరికి, వీళ్ళ మొహాలకి ఇదెందుకులే అనిపించిందా?"

"అయ్యో, అది కాదమ్మా..."

"మాకు చవకదే చాలని నువ్వు తేల్చేశావన్నమాట. బట్టలు కుట్టి బతికితే మాత్రం? నా కూతురు పదిమందిలోకి వెళ్తోంది, రెండో రకం పట్టుకుని వెళ్ళనివ్వను. బిల్లెయ్యి బాబూ."

"అమ్మా, ఆవిడ చెప్పేది ఒకసారి విందామే," అని పిల్ల గొణిగింది.

"నువ్వూరుకో." తల్లి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవమానం తగిలిన మనిషికి మంచి మాట ఎక్కుతుందా! ఒంటివేలు ఇంకా ఏదో చెప్పబోయింది, బతిమాలబోయింది. తల్లి ఆవిడ మొహం కూడా చూడకుండా డబ్బు కట్టేసి, పెట్టె లాక్కుని, పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

అయిపోయింది, కుర్చీ పోయింది, వాళ్ళ డబ్బూ పోయింది, రెండిటికీ చెడ్డాను అనుకుంటూ ఆవిడ గోడకి ఆనుకుంది. ఏరియా సారు దగ్గరికొచ్చాడు. తిడతాడనుకుంటే, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు.

"ఏం దెబ్బ కొట్టారు మేడం! చివరి నిమిషంలో వద్దని లాగేసరికి చూశారా, ఎగబడి కొనుక్కుపోయారు! నా సర్వీసులో ఇలాంటి సేలు చూడలేదు."

"సార్, నేను నిజంగానే వద్దన్నాను."

"అదే కదా నేను చెప్పేది! నిజంగానే అన్నట్టు అన్నారు."

ఇంకోసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది. కాదు సార్, మన సరుకు వాళ్ళకి పనికిరాదని చెప్పాను సార్ అని కుండబద్దలు కొట్టి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. పిక్కల్లో నరం ఒకటి జివ్వున లాగింది. ఆవిడ నోరు మూసుకుంది.

కుర్చీ వచ్చేసింది. కంపెనీ ఆ పాఠానికి 'వద్దనే పద్ధతి' అని పేరు పెట్టింది. ముందు సరుకుని ఆకాశానికెత్తాలి, కొనేవాడి మనసు పడ్డాక, ఇది మీకెందుకు లెండి, ఆ ఎదురుగా ఉన్నది తీసుకోండి అనాలి. వాడి పౌరుషం మిగతా పని చేసుకుంటుంది. బ్యాచ్ తర్వాత బ్యాచ్ ఆవిడే నేర్పింది. కాళ్ళ వాపు తగ్గింది, ఇంట్లో సంతోషించారు. అమ్మకాలు పెరిగాయని పై నుంచి మెచ్చుకుంటూ ఫోన్లొచ్చాయి. ఫోను పెట్టేశాక ఆవిడకి కిటికీలోంచి బయటికి చూడాలనిపించేది కాదు. తన చేతులారా నేర్పి పంపినవాళ్ళు ఎన్ని షోరూమ్‌లలో నిలబడి ఎందరు తల్లుల్ని అలా రెచ్చగొడుతున్నారో తలుచుకుంటే అన్నం సయించేది కాదు. మానేద్దామంటే మళ్ళీ ఆ బల్ల వెనకాలే నిలబడాలి.

ఒకరోజు ఫ్రీ బాబాయ్ ఫోను చేశాడు.

"అమ్మాయ్, ఆ మిషనావిడ వచ్చింది. పిల్ల లాప్‌టాప్ కాలిపోయేలా వేడెక్కుతోందట, బొమ్మ తిప్పితే ఆగిపోతోందట. పిల్ల కాలేజీలో పక్కపిల్ల లాప్‌టాప్ మీద వంతులేసుకుని పని చేసుకుంటోందట. మార్చి ఇవ్వరుగా మీవాళ్ళు, పెట్టె విప్పాక. నా చేతిలో ఏముంది, కింద ఎత్తు పెట్టి టేబుల్ ఫ్యాను వేసుకోమన్నా."

"నన్ను తిట్టిందా బాబాయ్?"

"తిడితే బాగుండేదే. 'ఆ కౌంటర్ అమ్మాయి చెప్తూనే ఉంది, వద్దని బతిమాలింది, నేనే మొండికేశాను, కనబడితే క్షమించమని చెప్పండి' అంది."

ఒంటివేలు ఫోను పెట్టేసి, బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. తనని నమ్మిన మనిషి ఈ లోకంలో ఆవిడొక్కతే, అదీ అంతా అయిపోయాక. తర్వాత లేచి మొహం కడుక్కుని క్లాసుకి వెళ్ళింది. ఇవాళ చెప్పేస్తాను, ఏదైతే అదవుతుంది అనుకుంది. కుర్చీలో కూర్చోలేదు.

"పిల్లలూ, అది పద్ధతీ కాదు పాడూ కాదు," అని మొదలుపెట్టింది. అంతా చెప్పింది. అల్లుడనుకుని మోసపోవడం, ఫ్యాను గురించి తెలివిగా తప్పుకోవడం, ఆ తల్లి పర్సు తెరిచి అన్న మాట, తను నిజంగానే వద్దనడం, ఎంత చెప్పినా ఆ తల్లి నమ్మకపోవడం, సారు ముందు తను నోరు మూసుకోవడం, ఇప్పుడు ఆ పిల్ల పడుతున్న అవస్థ. "ఎవరికీ ఇలా చెయ్యకండి, మీకు దణ్ణం పెడతాను," అంటూ ఉండగానే గొంతు పూడుకుపోయింది. కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ముందువరసలో ఒకమ్మాయి చప్పట్లు మొదలుపెట్టింది, వెంటనే గదంతా అందుకుంది.

"అబ్బ, ఎంత బాగా చేశారు మేడం! నిజంగా జరిగినట్టే ఉంది," అంది ఆ అమ్మాయి, ముక్కు తుడుచుకుంటూ. "గొంతు అలా పోయింది చూశారా, అది మాకు రావట్లేదు. అక్కడ ఊపిరి బిగబట్టాలా మేడం? ఇంకొక్కసారి చేసి చూపిస్తారా?"

మిగతావాళ్ళందరూ పెన్నులు పట్టుకుని ఆవిడ నోటివంకే చూస్తున్నారు.